పదిహేడు డిగ్రీలు

జనవరి 9, సోమవారం

మంచం వచ్చింది. ఆసుపత్రివాళ్లు మా ఆయన నెవిల్ కోసం పంపిన మంచం. మీట నొక్కితే తలవైపు లేస్తుంది, ఇంకో మీట నొక్కితే కాళ్లవైపు లేస్తుంది. దాన్ని మోసుకొచ్చిన ఇద్దరికీ మా ముందు నడవ ఎంత ఇరుకో కంటికి ఆనలేదు కాబోలు. అటు తిప్పి ఇటు తిప్పి, మంచం మూలని తీసుకెళ్లి, ఇంటి వేడి ఎంతుండాలో చెప్పే గోడమీది థర్మోస్టాట్‌కి కొట్టారు. డయల్ ఊడి, దొర్లుకుంటూ బూట్ల బల్ల కిందికి దూరింది. దాని డబ్బా నిలువునా చీలింది.

"సారీ అమ్మా. పాతదేగా, ఎలాగూ మార్చాల్సిందే," అన్నాడు లావుపాటాయన.

ఆ లెక్కన నన్నూ నెవిల్‌నీ కూడా మార్చాల్సిందే. పైకి మాత్రం పరవాలేదన్నాను. టీ పెట్టి ఇచ్చాను కూడా. ఎందుకిచ్చానో.

వాళ్లు వెళ్లాక, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ వెలగలేదు. డయల్ తెచ్చి నొక్కి చూశాను, కూర్చోలేదు. ముక్కలన్నీ ఏరి నెవిల్ స్క్రూలు దాచుకునే బిస్కెట్ల డబ్బాలో పడేశాను. వంకరపోయిన మేకుని కూడా పారేయనివ్వని మనిషి. వచ్చి అడిగితే చూపించాలి కదా.

వస్తే.

జనవరి 10, మంగళవారం

ఆసుపత్రికి వెళ్లాను. కుడి చెయ్యి ఇంకా రాలేదు. కాలు కొంచెం కదుపుతున్నాడు. మాట మాత్రం ఆ ఒక్కటే.

"టీ తాగుతావా నెవిల్?"

"పదిహేడు."

"ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"పదిహేడు."

కొత్త నర్సు పిల్ల నన్ను పక్కకి పిలిచి, "మీ ఇంటి నంబరా అండీ అది?" అంది. కాదు తల్లీ, మా ఇంటి చట్టం అన్నాను. పాపం, తలూపి వెళ్లిపోయింది.

పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి ఇలా ఒక్క మాటే నాలుక మీద ఇరుక్కుపోతుందట. ఆసుపత్రిలో నెవిల్ చేత వ్యాయామాలు చేయించే జోసెలిన్ చెప్పింది. ఒకాయన మూడు నెలలు "మంగళవారం" అనే అన్నాడట. ఒకామెకి కూతురి పేరు మిగిలిందట.

మా అత్తగారింట్లో చలికాలం ఇల్లు పదిహేడు డిగ్రీలు దాటేది కాదు. చలేస్తే స్వెట్టర్ వేసుకో, చాలకపోతే దాని మీద ఇంకోటి వేసుకో. ఆవిడ కొడుక్కి ఇచ్చిన ఆస్తి అదే. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను డయల్ పైకి తిప్పడం, అతను కిందికి తిప్పడం. "పదిహేడు, గ్లెనిస్. అంతకి మించి ఒక్క డిగ్రీ లేదు." దేని గురించీ గొంతు పెంచని మనిషి. దీని దగ్గర మాత్రం రాయి.

లోకంలో ఇన్ని మాటలున్నాయి. నా పేరుంది. ఆ పేరు పోయింది, పదిహేడు మిగిలింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

జనవరి 11

చలి. కోటుతోనే పడుకుంటున్నాను. ఇంకేం రాయను.

జనవరి 12, గురువారం

ఈనిడ్ వచ్చింది. నెవిల్ అక్క. మా ఇంటికొస్తే మొదట స్వెట్టర్ విప్పి కుర్చీకి తగిలిస్తుంది, బస్టాపు నుంచి మిట్ట ఎక్కొచ్చేసరికి ఒళ్లు వేడెక్కింది అంటుంది. ఇవాళ విప్పలేదు, దాని మీద కోటు కూడా విప్పలేదు.

"ఇదేం ఇల్లే, చేపలు దాచుకోవచ్చు," అంది.

థర్మోస్టాట్ పగిలిందని చెప్పాను.

"అదే నేననేది. వాడి పనులన్నీ వాడే చేసుకునేవాడు. ఇప్పుడు వాడికి అన్నీ ఎవరో చెయ్యాలి. నీ నడుము సంగతి నీకు తెలీదా? రోజుకి ఎన్నిసార్లు లేపుతావు, ఎన్నిసార్లు కూర్చోబెడతావు?" కొండమీద చర్చి వెనకున్న వృద్ధాశ్రమంలో గది ఖాళీ అయిందట. వచ్చే శుక్రవారం దాకా మన కోసం ఉంచుతామన్నారట. "అక్కడ ఇరవైనాలుగు గంటలూ వెచ్చగా ఉంటుంది. మా అమ్మ చూస్తే మూర్ఛపోయేది."

"ముందు ఇల్లు వెచ్చబడనీ ఈనిడ్. వెచ్చగా లేకపోతే ఆసుపత్రివాళ్లే పంపరు. అది బాగైతే గానీ ఏదీ అనుకోలేం."

"అది బాగయ్యాక?"

"అప్పుడు చూద్దాం."

ఈనిడ్ చెడ్డది కాదు. తమ్ముడి మీద ప్రేమే. నా మీద కూడా కొంత ఉందేమో. నేను మాత్రం థర్మోస్టాట్ వల్లే ఆలస్యం అని ఇవాళ ఎంతమందికి చెప్పానో. జోసెలిన్‌కి ఫోన్లో చెప్పాను, ఎదురింటి లెన్‌కి చెప్పాను, రొట్టెల కొట్లో చెప్పాను.

కరెంటు పనివాడికి ఫోన్ చేస్తే ఫిబ్రవరిలో వస్తానన్నాడు. సరే అనబోయాను. ఫిబ్రవరి అయితే ఈ శుక్రవారం గొడవ దానంతటదే తేలిపోతుంది కదా అనిపించింది. అలా అనిపించగానే ఫోన్ పెట్టేశాను.

జనవరి 14, శనివారం

కొత్తది కొన్నాను. తెల్లటి పలక, మధ్యలో అంకెలు వెలుగుతాయి. పెద్ద అంకె ఇప్పుడు ఇంట్లో ఉన్న వేడి, చిన్న అంకె మనం అడిగినది. బ్యాటరీలతో నడుస్తుంది. గోడలోంచి వచ్చే రెండు తీగలు దీని వెనక బిగిస్తే చాలట. కొట్లో కుర్రది "చాలా తేలికండీ" అంది. టీ పెట్టుకున్నంత తేలిగ్గా చెప్పింది.

ముందు ఫ్లాస్కులో టీ పోసుకున్నాను. కరెంటు కట్టేశాక కెటిల్ పనిచెయ్యదు కదా. టీ లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదని నెవిల్ అనేవాడు, ఆ విషయంలో మాకెప్పుడూ గొడవ రాలేదు. బాయిలర్ పక్కనున్న స్విచ్ కట్టేశాను. మెట్ల కింద మెయిన్ కూడా కట్టేశాను. నెవిల్ టెస్టర్ పెట్టి రెండుసార్లు చూశాను.  

అప్పుడు తలుపు తట్టి లెన్ వచ్చాడు. జీవితమంతా తపాలా పంచిన మనిషి, రిటైరయ్యాక అన్ని విద్యలూ వచ్చేశాయి.

"ఆగమ్మా గ్లెనిస్, తాకకు. గోధుమరంగు తీగలో కరెంటు వస్తుంది. నీలం తీగ తిరుగు తీగ, దీనికి అక్కర్లేదు. దాన్ని అలా వదిలెయ్."

"నీలం తీగ కొసకి నెవిల్ గోధుమరంగు టేపు చుట్టాడు, చూడు."

"ఏదో చేతిలో ఉన్న టేపు చుట్టేసుంటాడు."

"నెవిల్ ఏదీ ఊరికే చుట్టడు లెన్. రంగు చూసి మోసపోకండి, ఇది కూడా కరెంటు తీగే అని చెప్పడానికి చుట్టాడు. వెళ్లాల్సిన కరెంటు దీన్లోంచే బాయిలర్‌కి వెళ్తుంది."

ఇంత నాకెలా తెలుసా అని నేనే ఆశ్చర్యపోయాను. ఏళ్ల తరబడి అతను పనిచేస్తూ గొణుగుతుంటే, నేను టార్చి పట్టుకుని నిలబడి విననట్టు నటించాను. విన్నానన్నమాట.

తీగలు రెండు, కొత్తదాని వెనక గడులు మూడు. మధ్యగడిలో గోధుమరంగు, అందులో అనుమానం లేదు. నీలం ఎడమగడిలోనా, కుడిగడిలోనా అన్న దగ్గర లెన్ కుడి అన్నాడు, నేను అలిసిపోయి సరే అన్నాను. స్క్రూలు బిగించి, పలక తగిలించి, కరెంటు వేశాను. ఇంట్లో వేడి పది డిగ్రీలు. పదిహేడు అడిగాను. బాయిలర్ ఉలకదు పలకదు. విసుగొచ్చి అయిదుకి తగ్గించాను. భగ్గున వెలిగింది.

మళ్లీ పదిహేడు అడిగితే ఆరిపోయింది. అయిదన్నాను, వెలిగింది.

"అడిగితే ఇవ్వదు, అడక్కపోతే ఇస్తుంది. అచ్చం నెవిల్ లాగే ఉంది," అన్నాడు లెన్.

"నెవిల్ అడక్కపోయినా ఇవ్వడు," అన్నాను.

జనవరి 15, ఆదివారం

మళ్లీ ఫ్లాస్కు, మళ్లీ మెయిన్, మళ్లీ టెస్టర్. లెన్‌ని పిలవలేదు. నీలం తీగని కుడిగడిలోంచి తీసి ఎడమగడిలో పెట్టాను. పదిహేడు అడిగాను. వంటింట్లో బాయిలర్ ఒకసారి దగ్గి అందుకుంది. గదుల్లో రేడియేటర్లు వేడెక్కుతూ టకటకమన్నాయి. నడవలో ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టాను.

ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. బాగైందని చెబితే తర్వాత ఏం అడుగుతారో తెలుసు. రేపు చెబుతాను.

జనవరి 16, సోమవారం

ఎవరికీ చెప్పలేదు. పలక మీద పదిహేడు. ఇల్లు మాత్రం చలి. రెండు స్వెట్టర్లు వేసుకున్నాను.

జనవరి 17, మంగళవారం

ఎక్కడో తప్పు చేశాను. పదిహేడని చూపిస్తోంది గానీ ఇది పదిహేడు కాదు. జీవితమంతా పదిహేడులో బతికినదాన్ని, నాకు తెలీదా? చలేస్తోందని రోజూ పోట్లాడేదాన్ని, అయినా పల్చటి గౌను మీదే ఇల్లంతా తిరిగేదాన్ని. ఇప్పుడు ముక్కు కొస చల్లబడి పడిపోయేలా ఉంది.

లెన్ తన గ్రీన్‌హౌస్‌లో టమాటాల కోసం పెట్టుకున్న థర్మామీటర్ పట్టుకొచ్చి కుర్చీ మీద పెట్టాడు. ఇద్దరం దాని ముందు కూర్చుని టీ తాగాం.

"పదిహేడే. నీ పని బంగారంలా ఉందమ్మా."

"మరి ఇంత చలేంటి?"

"పదిహేడంటే ఇంతే. ఇన్నాళ్లూ మీ ఇంటికొస్తే నాకు చెమట పట్టేది గానీ."

లెన్‌కి మెట్లెక్కినా చెమట పడుతుంది. లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో రెండు డిగ్రీలు పెంచితే పోతుంది కదా అని ఎవరైనా అంటారు. అతను మళ్లీ దించుతాడని తెలిసి డయల్ పైకి తిప్పడం వేరు. ఇప్పుడు కిందికి దించేవాడు లేడు. అతను పడుకుని ఉండగా పెంచితే దొంగతనంలా ఉంటుంది. అయినా వస్తే చూస్తాడు.

జనవరి 18, బుధవారం

ఆసుపత్రి. అతని దుప్పటి జారితే సరిచేశాను. నా చేతిని ఎడం చేత్తో పట్టుకుని గట్టిగా నొక్కాడు. నా కళ్లలోకి చూస్తూ, "పదిహేడు," అన్నాడు. మళ్లీ, "పదిహేడు." నా చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి, బస్సులో గ్లోవ్స్ మర్చిపోయాను. ఈ స్థితిలో కూడా, నేను చలికి బిగుసుకుపోతున్నా కూడా, అదే మాట.

చెయ్యి లాక్కున్నాను. వార్డులో అందరూ చూశారు.

నాకు న్యుమోనియా వచ్చిన చలికాలం గుర్తొచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి దగ్గుతూ అడిగాను, ఈ ఒక్క నెలా పెంచు నెవిల్ అని. ఏమన్నాడు? ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే డయల్ పదిహేడు దగ్గరే ఉంది. ఆ సంగతి నేను మర్చిపోయానని అనుకున్నాను. మర్చిపోలేదు. ఆ మనిషిని ఇప్పుడు ఎత్తి, కడిగి, తినిపించి, ఆ మాట వింటూ ఎన్నేళ్లు?

ఇంటికొచ్చి ఈనిడ్‌కి ఫోన్ చేసి, ఆశ్రమానికి సరే అని చెప్పేశాను.

"మంచి పని చేశావు," అంది.  తర్వాత, "ఏడుస్తున్నావా?" అంది.

"జలుబు," అన్నాను.

జనవరి 19, గురువారం

 వరసగా రాస్తాను.

కొత్తది తప్పు చెబుతోందని తేల్చుకోవాలనిపించింది. ఆశ్రమానికి సరే అన్నాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. బిస్కెట్ల డబ్బా దించి పాతదాన్ని బయటికి తీశాను. డయల్ తిరగేసి కిటికీ దగ్గర చూశాను.

వెనక గుండ్రటి గాడిలో చిన్న పన్ను ఉంటుంది. అది థర్మోస్టాట్ డబ్బాలో ఉన్న గాటులో కూర్చుంటేనే డయల్ సరైన అంకె చూపిస్తుంది. ఆ పన్ను లేదు. విరిగిపోలేదు, ఎవరో ఆకురాయితో నున్నగా అరగదీశారు. దానికి కొంచెం పక్కగా, పన్ను బదులు అగ్గిపుల్ల ముక్క పెట్టి జిగురుతో అతికించారు. ఎంత పొందికగా అంటే, గోరుతో గీకినా కదల్లేదు.

చీలిన డబ్బాని రెండు చేతులతో కలిపి పట్టుకుని, అగ్గిపుల్లని గాటులో కూర్చోబెట్టాను. డయల్ మీది పదిహేడుని డబ్బా మీది బాణం ఎదుటికి తెచ్చాను. తర్వాత డయల్ పైకి తీసి, పాత పన్ను ఉండాల్సిన చోటుని గాటుకి తెచ్చి చూశాను. అదే బాణం ఎదుట ఇరవై ఉంది.

మళ్లీ చూశాను. ఇరవై.

మా ఇంట్లో అగ్గిపుల్లలు ఉండేది అతని పొగాకు పైపు కోసం. నా న్యుమోనియా చలికాలంలోనే, నా దగ్గు చూసి పైపు మానేశాడు, అగ్గిపెట్టెలు కూడా అప్పుడే ఇల్లు వదిలాయి. అంటే ఇది అప్పటి పనే. గుర్తుంది నాకు. నేను మంచంలో ఉన్నాను, నెవిల్ నడవలో గోడవైపు తిరిగి ఏదో గెలుకుతున్నాడు. ఏం చేస్తున్నావంటే, "డయల్ వదులైంది, బిగిస్తున్నా," అన్నాడు. టీ ఎక్కడ చచ్చింది అని నేను అరిచాను.

అప్పటినుంచీ మా ఇల్లు ఇరవై. అతను డయల్ చూపించి పదిహేడు అన్న ప్రతిరోజూ ఇరవై. అతను బయటికెళ్లినప్పుడు నేను దొంగచాటుగా పంతొమ్మిదికి తిప్పిన రోజుల్లో ఇరవైరెండు. అందుకా మహానుభావుడు చలికాలంలో చొక్కా చేతులు మడిచి తిరిగేవాడు. మా యార్క్‌షైర్ మగాళ్లకి చలి ఉండదు గ్లెనిస్ అనేవాడు. చెమటలు కక్కుతూ.

చెప్పొచ్చు కదా. నోరు తెరిచి, సరే గ్లెనిస్, నువ్వు గెలిచావు, అనొచ్చు కదా. అప్పటికి వాళ్లమ్మ ఉంది. ప్రతి ఆదివారం వచ్చి నడవలో ఆగి, డయల్ చూసి, తల పంకించి అప్పుడు లోపలికొచ్చేది. ఆవిడ పోయాక ఈనిడ్ చూసేది. వాళ్లకి పదిహేడు చూపించాడు, నాకు ఇరవై ఇచ్చాడు. ఇచ్చానన్న మాట మాత్రం ఇన్నేళ్లలో నోట రానివ్వలేదు. ఎంత కోపం వచ్చిందో. మెట్ల మీద కూలబడి ఏడ్చాను, జలుబు కాదు.

లేచి కొత్త పలక మీద ఇరవై పెట్టాను. బట్టలు ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి చూసుకుంటే రెండు స్వెట్టర్లూ కుర్చీ మీద ఉన్నాయి. ఎప్పుడు విప్పానో తెలీదు. మా ఇల్లు మా ఇల్లులా ఉంది.

జనవరి 20, శుక్రవారం

పొద్దున్నే జోసెలిన్‌కి ఫోన్ చేశాను. ఇల్లు వెచ్చగా ఉంది, అతన్ని ఎలా లేపాలో, ఎలా తిప్పాలో నాకు నేర్పండి, ఇంటికి తెచ్చుకుంటాను అన్నాను. రోజుకి రెండుసార్లు సాయానికి మనిషిని పంపిస్తామంది. నడుము సంగతి కూడా చెప్పాను. దాచలేదు.

తర్వాత ఈనిడ్.

"నీకేమైనా మతి పోయిందా? మొన్ననే కదా సరే అన్నావు."

"థర్మోస్టాట్ బాగైంది," అన్నాను.

"థర్మోస్టాట్ బాగైతే?"

"అది బాగైతే చూద్దామన్నాను కదా. చూశాను."

ఏమనుకుందో, "నా దగ్గర పాత దుప్పట్లున్నాయి, తెస్తాలే," అంది.

జనవరి 21, శనివారం

డయల్ పర్సులో పెట్టుకుని వెళ్లాను. అతని ఎడం అరచేతిలో తిరగేసి పెట్టాను.

చూశాడు. బొటనవేలితో అగ్గిపుల్లని తడిమాడు. తల ఎత్తలేదు. జామ్ సీసాతో దొరికిపోయిన పిల్లాడిలా చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదెంత నెవిల్?"

"పదిహేడు."

"ఇరవై, దొంగా."

తల అడ్డంగా ఊపాడు. "పదిహేడు." మూతి ఒక పక్కే నవ్వింది, రెండో పక్క దానికి చేతకావడం లేదు. తర్వాత డయల్ దుప్పటి మీద పెట్టేసి నా చెయ్యి పట్టుకుని, బుధవారం లాగే గట్టిగా నొక్కాడు. ఒక్కొక్క వేలూ పట్టుకుని నొక్కి చూశాడు. చేతులు చల్లగా ఉన్నాయా లేదా అని చూస్తున్నాడు. బుధవారం కూడా అదే చూశాడు.

"వెచ్చగానే ఉన్నాను," అన్నాను. "ఇంటికి పోదాం."

ఫిబ్రవరి 1, బుధవారం

వచ్చాడు. చక్రాల కుర్చీలో తెచ్చారు. నడవలో కొత్త పలక దగ్గర కుర్చీ ఆపమని ఎడం చెయ్యి ఎత్తాడు. నాకు తెలుసు ఆగుతాడని. నిన్ననే వెలిగే అంకెల మీద టేపు ముక్క అంటించి, దాని మీద పెన్నుతో లావుగా 17 అని రాశాను. నీలం తీగకి గోధుమరంగు టేపు చుట్టిన మనిషి, టేపు అంటే ఏమిటో అతనికి తెలుసు.

చాలాసేపు చూశాడు. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

మాట ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేదు. సాయంత్రం మంచం మీదికి ఎక్కించేసరికి నా నడుము పట్టేసింది. రేపు ఎలా ఉంటుందో తెలీదు.

ఫిబ్రవరి 5, ఆదివారం

ఈనిడ్ దుప్పట్లు తెచ్చింది. బాగా అలిసిపోయున్నావంది, నిజమే, నిద్ర సరిపోవడం లేదు. వచ్చిన కాసేపటికి స్వెట్టర్ విప్పి కుర్చీకి తగిలించి, "ఆ బస్టాపు నుంచి ఎక్కొస్తే ఒళ్లు వేడెక్కిపోతుంది," అంది. తర్వాత చుట్టూ చూసి, "కాదు, ఇల్లే వెచ్చగా ఉంది. ఎంతలో పెట్టావేమిటి?" అంది.

నెవిల్ మంచంలోంచి నా వైపు చూశాడు. నోరు తెరిచాడు గానీ నేనే ముందు అందుకున్నాను.

"పదిహేడు, ఈనిడ్. అంతకి మించి ఒక్క డిగ్రీ లేదు."